నేర్చుకునేవాళ్లకూ ఒక కుర్చీ వేయండి

కళాక్షేత్ర చట్టాన్ని సవరించాలని కోరుతూ కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,



తమిళనాడు ధర్మపురి జిల్లాలోని హొగేనక్కల్ నుంచి రాస్తున్నాను. కావేరి తమిళనాట అడుగుపెట్టేది ఇక్కడే. రాళ్ల మీద పడిన నీరు పొగలా లేస్తుంది కాబట్టి కన్నడంలో ఈ ఊరికి ‘పొగరాయి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మా ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, పుట్టి ఎక్కి అవతలి గట్టుకు పోతే కన్నడం. ఇక్కడ దూకిన నీళ్లే మేట్టూరులో కాసేపు ఆగి తిరువయ్యారు చేరతాయి. ఆ ఒడ్డునే త్యాగరాజస్వామి తెలుగులో పాడుకున్నారు. అందుకే, ఆ పాట నేర్పే బడి ఎలా నడుస్తోందని అడిగే చనువు మాకుంది.

నీళ్ల విషయంలో ఈ దేశం చేసిన ఒక మంచి పని ముందుగా గుర్తుచేస్తాను. మా ఊరికి ఎగువన బిలిగుండ్లు దగ్గర కేంద్ర జల సంఘం కావేరి ప్రవాహాన్ని కొలుస్తుంది. తమిళనాడుకు అక్కడ ఏటా 177.25 టీఎంసీలు అందాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాదే ఏర్పడిన కావేరి జల నిర్వహణ ప్రాధికార సంస్థలో కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి నాలుగింటికీ సభ్యులున్నారు. తగవులు తీరిపోయాయని అనను. వానలు మొహం చాటేసిన ఏడు మళ్లీ రాజుకుంటాయి. కానీ దిగువన దోసిలి పట్టినవాడికి కూడా ఆ గదిలో ఒక కుర్చీ ఉంది. తన మాట అక్కడ నమోదవుతుంది.

చెన్నై కళాక్షేత్రలో చదువుకునే పిల్లలకు అలాంటి కుర్చీ లేదు. అది వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

రుక్మిణీదేవి అరండేల్ 1936లో అడయారులో మొదలుపెట్టిన ఆ కళాలయం గురించి మీకు నేను చెప్పేదేముంది! టైగర్ వరదాచారి అక్కడ సంగీత పాఠం చెప్పారు. తెలుగులో ఎన్నో కృతులు కట్టిన మైసూరు వాసుదేవాచార్యులు ముదిమిలో అక్కడికి వెళ్లి రామాయణ నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. క్షేత్రయ్య పదం అభినయించాలన్నా, త్యాగయ్య కృతి పాడాలన్నా అక్కడి పిల్లలు, ఏ భాషవాళ్లయినా, తెలుగు మాటను నోట పలికించుకోవలసిందే.

1986లో రుక్మిణీదేవి కన్నుమూశాక సంస్థను ఎవరు నడపాలన్న వివాదం ముదిరింది. చివరికి పార్లమెంటు కల్పించుకుని కళాక్షేత్ర ఫౌండేషన్ చట్టం, 1993 చేసింది. దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించి, పాలక మండలిని, విద్యా సంఘాన్ని, ఆర్థిక సంఘాన్ని ఏర్పరచింది. మండలి సభ్యుల నియామకం ప్రధానంగా కేంద్రం చేతిలో పెట్టింది. ఆనాటికి అది అవసరమైన చట్టమే. వ్యక్తుల మధ్య నలిగిపోతున్న సంస్థను దేశం ఆస్తిగా నిలబెట్టింది. ఆ మేలును నేను తక్కువ చేయడం లేదు.

అయితే ఆ చట్టం పుట్టిన తేదీని ఒక్కసారి చూడండి. పనిచేసే చోట ఆడవాళ్ల రక్షణకు సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది 1997లో. పార్లమెంటు లైంగిక వేధింపుల నిరోధక చట్టం చేసింది 2013లో. ఉన్నత విద్యాసంస్థల ఫిర్యాదుల సంఘాల్లో విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధులు కూడా ఉండాలని యూజీసీ నియమం పెట్టింది 2015 నిబంధనల్లో. కళాక్షేత్ర చట్టం ఈ మూడింటికంటే ముందుది. పాలించేవాళ్ల తగవు తీర్చడానికి రాసిన చట్టం కనుక పాలకుల గురించే వివరంగా మాట్లాడింది. నేర్చుకునేవాళ్ల గొంతు ఎక్కడ వినపడాలో చెప్పలేదు.

ఆ లోటు ఎంతటిదో 2023 వేసవిలో దేశమంతా చూసింది. లైంగిక వేధింపుల ఆరోపణలు చేస్తూ విద్యార్థులు చదువు ఆపి ఆవరణలోనే బైఠాయించారు. జాతీయ మహిళా కమిషన్, రాష్ట్ర మహిళా కమిషన్ రంగంలోకి దిగాయి. ఏప్రిల్లో ఒక సహాయాచార్యుడు అరెస్టయ్యాడు. విశ్రాంత న్యాయమూర్తి ఆధ్వర్యంలో పాలక మండలి విచారణ సంఘం వేసింది. విద్యార్థులు మద్రాసు హైకోర్టు గడప తొక్కారు. ఎవరి తప్పెంతో న్యాయస్థానం తేలుస్తుంది, ఆ పని నాది కాదు. కాలికి గజ్జె కట్టి, శ్రుతి పెట్టుకుని కూర్చోవలసిన పిల్లలు నినాదాలు రాసిన అట్టలు పట్టుకునేదాకా ఎందుకు వచ్చింది? లోపల చెప్పుకునే చోటు మీద వాళ్లకు నమ్మకం లేకపోయింది. నేను అడిగేది ఈ ఒక్క సంగతి గురించే.

ఇది నాకు పేపర్లో చదివి తెలిసిన బాధ మాత్రమే కాదు. మా ఇంటి పిల్ల ఒకతె కొన్నాళ్లు ఒక సంగీత పాఠశాల హాస్టల్లో ఉండి చదువుకుంది. ఒకరోజు ఫోన్ చేసి, “పెద్దమ్మా, ఇక్కడ నాకు బాగాలేదు, ఎవరికి చెప్పాలి?” అని అడిగింది. నేను బస్సెక్కి వెళ్లాను. ఆఫీసులో అడిగితే వార్డెన్‌ను కలవమన్నారు. వార్డెన్ మాస్టారినే అడగమంది. పిల్ల భయపడుతున్నది ఆ మాస్టారికే. నాలుగు గంటలు వరండాలో కూర్చుని, పెట్టె సర్దించుకుని తీసుకొచ్చేశాను. ఆ పిల్ల మళ్లీ తంబూర ముట్టుకోలేదు.

మంత్రిగారూ, చట్టాన్ని నాలుగు చోట్ల సవరించండి.

ఒకటి: పాలక మండలిలో విద్యార్థులు ఎన్నుకున్న ఇద్దరికి, అధ్యాపకులు ఎన్నుకున్న ఇద్దరికి, పూర్వ విద్యార్థుల్లో ఒకరికి చోటివ్వండి. విద్యార్థుల ఇద్దరిలో ఒకరు అమ్మాయి అయి ఉండాలి.

రెండు: ఫిర్యాదుల సంఘం నిర్మాణాన్ని చట్టంలోనే రాయండి. బయటివారు దానికి అధ్యక్షత వహించాలి. డైరెక్టర్ అందులో ఉండకూడదు. విద్యార్థులు, తల్లిదండ్రుల ప్రతినిధులు ఉండాలి.

మూడు: డైరెక్టర్ పదవి ఖాళీ కావడానికి ఆరు నెలల ముందే ఎంపిక మొదలు కావాలి. అర్హతలేమిటో, ఎవరు ఎంచుతున్నారో అందరికీ తెలియాలి.

నాలుగు: వ్యక్తుల గోప్యతకు భంగం లేకుండా మండలి తీర్మానాలను నెలలోపు ప్రకటించాలి. బిలిగుండ్లు లెక్క ఎవరైనా అడిగి తెలుసుకోగలిగినట్టే ఇదీ తెలియాలి.

శిష్యులు గురువుల పక్కన కూర్చుని పాలించడమేమిటి, గురుకుల మర్యాద ఏమైపోతుందని పెద్దలు కొందరు నొచ్చుకుంటారు. వాళ్ల నొప్పి నాకు తెలుసు. గురువుగారి కాళ్లకు మొక్కే పెరిగాను. ఆ కుర్చీలో కూర్చున్న పిల్ల ఏ రాగం ఎలా పాడాలో తీర్మానించదు, అది విద్యా సంఘం పని. హాస్టల్ గది, ఫీజుల రసీదు, ఫిర్యాదుకు జవాబు, వీటి గురించి మాట్లాడుతుంది. పైగా గురుకులంలో శిష్యుడు ఎన్నడూ ఊరికే వినే మనిషి కాడు. వాలాజాపేట వెంకటరమణ భాగవతులవంటి శిష్యులు రాసి దాచకపోతే త్యాగరాజ కృతులు మనకింత దక్కేవి కావు. సంప్రదాయాన్ని కాపాడినవాళ్లకు దాని నిర్వహణలో మాట ఉండడం అమర్యాద ఎలా అవుతుంది?

రాతలో పెట్టడం ఎంత అవసరమో బెంగళూరు నాగరత్నమ్మగారికి తెలుసు. త్యాగరాజస్వామికి తన సొమ్ముతో సమాధి మందిరం కట్టించిన ఆమెను, ఆడదానివని, దేవదాసివని అక్కడ పాడనివ్వలేదు. ఆమె విడిగా ఆడవాళ్ల ఆరాధన జరిపించింది. 1940 ప్రాంతంలో ఆరాధన జరిపే వర్గాలన్నీ కలిశాయి, ఆడవాళ్లకు చోటు దొరికింది. అయినా ఆమె అంతటితో ఊరుకోలేదు. 1949లో వీలునామా రాస్తూ, దేవదాసీలతో సహా స్త్రీలకు అక్కడ సేవ చేసుకునే హక్కు ఉండాలని అందులో చేర్చింది. మంచి మనుషులున్నంతకాలం మాట చాలు. వాళ్లు పోయాక రాత ఒక్కటే నిలుస్తుందని ఆమెకు అనుభవం నేర్పింది.

రుక్మిణీదేవికీ ఆ సంగతి తెలుసు. ఆమె రాజ్యసభ సభ్యురాలిగా పనిచేశారు. 1953లో ఆమె తెచ్చిన ప్రైవేటు బిల్లే తర్వాత 1960 నాటి జంతుహింస నిరోధక చట్టానికి దారితీసింది. నోరులేని జీవాల పక్షాన చట్టం ఉండాలని పట్టుబట్టిన మనిషి ఆమె. ఆమె నాటిన చెట్ల నీడలో చదువుకునే పిల్లలకు నోరుంది. దాన్ని వినే చోటును చట్టంలో కల్పించడం మీ చేతుల్లో ఉంది.

రాబోయే సమావేశాల్లోనే సవరణ బిల్లు పెట్టండి. అది రాసే ముందు చెన్నై వెళ్లి ఆ పిల్లలతో ఒక పూట కూర్చోండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.

ఇట్లు,
హొగేనక్కల్ నుంచి
ఒక తెలుగు సంగీతాభిమాని