నొప్పిలేని గడ్డలన్నీ కొవ్వు గడ్డలు కావు

కుష్టు అంటే స్పర్శలేని మచ్చ అనే మనందరికీ తెలుసు. కాని అది ఎప్పుడూ అలాగే కనబడదు. హిస్టాయిడ్ అనే అరుదైన రకంలో మామూలు చర్మం మీదనే నున్నగా, మెరుస్తూ గడ్డలు లేస్తాయి. వాటిపై స్పర్శ ఉండవచ్చు కూడా. అందుచేత కొవ్వు గడ్డలనో, కంతులనో అనుకొని కొందరు కోయించుకుంటారు, కొందరు ఆకుపసరు పూస్తారు. లోపల మాత్రం క్రిములు లెక్కలేనన్ని. ఈలోగా నరాలు దెబ్బతినవచ్చు, ఇంట్లోవారికి సోకవచ్చు.

2005 డిసెంబరు నాటికి మన దేశంలో కుష్టు పదివేలమందికి ఒకరికన్నా తగ్గింది. దీన్నే నిర్మూలన అన్నారు. అంతేగాని వ్యాధి పూర్తిగా పోలేదు. కాబట్టి అమరాపురంలోనైనా, హిందూపురంలోనైనా, ఒంటిమీద ఇలాంటి గడ్డలు పలుచోట్ల లేస్తే కత్తి పెట్టించుకోక ముందే గడ్డనుండి, చెవితమ్మెనుండి స్మియర్ పరీక్ష చేయమని అడగండి. అలా అడగడం రోగి హక్కు అని నా అభిప్రాయం.

1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు డిచ్‌పల్లిలో కుష్టు ఆసుపత్రి పెట్టిన నాటికి ఈ వ్యాధికి సరైన మందులే లేవు. నేడు మూడు మందుల చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. ఇటువంటి కేసులలో ఏడాదిపాటు మానకుండా వాడాలి. పెద్దరోగమని సిగ్గుపడి దాచుకుంటే పోయేది పరువు కాదు, చేతులూ కళ్ళూ.