ఈమ్ ఊరి పాస్టరు

ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల నడుమ ఉన్న ఈమ్ అనే చిన్న ఊరి జనం తమ చర్చి దాటి, పక్కనున్న కక్లెట్ డెల్ఫ్ లోయలోకి నడిచి వెళ్ళి, పచ్చిక మీద నిలబడి ప్రార్థన చేసుకుంటారు. 1666 వేసవిలో ఆ ఊళ్ళో ప్లేగు చెలరేగినప్పుడు చర్చి మూసేసి అక్కడే ఆరాధన జరిపారు. నలుగురూ ఒకచోట కూడితే జబ్బు అంటుకుంటుందని, ఒక కుటుంబానికీ ఇంకో కుటుంబానికీ మధ్య ఎడం ఉంచి నిలబెట్టారు. వాక్యం చెప్పినవాడు విలియం మాంపెసన్. అప్పటికి ముప్పయ్యేళ్ళు నిండని పాస్టరు.

కథ చాలామందికి తెలిసిందే. 1665లో లండన్ నుంచి ఈమ్‌లోని ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. దాన్ని విప్పి ఆరబెట్టిన పనివాడు జార్జ్ వికర్స్ సెప్టెంబరు 7న చనిపోయాడు. ఆ మూటలో ఈగలంత కూడా లేని చిన్న పురుగులు ప్లేగును మోసుకొచ్చాయని ఈనాడు చెబుతారు. చలికాలంలో కాస్త తగ్గుముఖం పట్టిన జబ్బు మరుసటి వేసవికి విరుచుకుపడింది. అప్పుడు ఊరివాళ్ళు పొలిమేర దాటి ఎవరూ బయటికి పోకూడదని కట్టు పెట్టుకున్నారు. పధ్నాలుగు నెలల్లో సుమారు 260 మంది పోయారు. చుట్టుపక్కల ఊళ్ళు బతికాయి.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు మన పల్లెల్లో రోడ్లకు అడ్డంగా ముళ్ళకంపలు వేసి, దుంగలు పడేసి, బయటివాళ్ళు లోపలికి రాకుండా కాపలా కాశారు. భయం పుట్టినప్పుడు ఏ ఊరైనా చేసే పనే అది, తప్పు పట్టేదేమీ లేదు. ఈమ్ వేసుకున్న కంచె మాత్రం లోపలివాళ్ళు బయటికి పోకుండా. ఆ మాటకు జనాన్ని ఒప్పించడం ఎలా సాధ్యమైందన్నదే మాకు ఆసక్తి.

మాంపెసన్ ఒక్కడివల్ల కాలేదు. అతను ఊరికి కొత్త, 1664లో వచ్చాడు. పైగా రాజు చర్చి పంపిన మనిషి. ఊరి మనసు ఇంకా పాత పాస్టరు థామస్ స్టాన్లీ దగ్గరే ఉంది. 1662లో కొత్త ప్రార్థన పుస్తకానికి తల వంచనందుకు స్టాన్లీని పదవిలోంచి తీసేశారు. ఆయన ఆ చుట్టుపక్కలే ఉండిపోయాడు. పదవి ఒకరిది, పలుకుబడి ఒకరిది. మన ఊళ్ళలో సంఘాలు చీలిన చోట ఇద్దరు పాస్టర్లు ఎదురుపడితే వందనం చెప్పుకోవడానికి కూడా మొహమాటపడతారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆ విభేదం వెనక అంతర్యుద్ధం నడిచింది, ఒక రాజు తల తెగింది. అలాంటి ఇద్దరు ఒకే మాట చెప్పడానికి జనం ముందు కలిసి నిలబడ్డారు. ఈమ్ కథలో త్యాగం గురించి రాసినంతగా ఈ చేయి కలపడం గురించి ఎవరూ రాయరు. మాకైతే మొదటి అద్భుతం ఇదే.

వాళ్ళు అడిగినవాటిలో పొలిమేర దాటొద్దనడం ఒక్కటే కాదు. చర్చి ఆవరణలో పాతిపెట్టడం మానాలన్నారు. ఎవరి ఇంటివాళ్ళను వాళ్ళే, తమ తోటలోనో పొలంలోనో, వీలైనంత త్వరగా పూడ్చుకోవాలన్నారు. ఊళ్ళో పాస్టరుకు ఆదివారం ప్రసంగం ఒక పని మాత్రమే. మనిషి పోయినప్పుడు ఆ ఇంటికి వెళ్ళి కూర్చోవడం, సమాధి దగ్గర ప్రార్థన చేసి గుప్పెడు మట్టి వేయడం, తరవాత ఆదరణ కూడిక పెట్టడం అసలు పని. ప్రసంగం బాగాలేదని ఎవరూ సంఘం మారరు గానీ, మా నాన్న భూస్థాపనకు అయ్యగారు రాలేదన్న మాట మూడు తరాలు మిగులుతుంది. మాంపెసన్ వదులుకొమ్మన్నది సరిగ్గా దాన్నే. తన చేతిలో ఉన్న ఓదార్పును తనే ఆపేసుకున్నాడు.

దాని బరువు ఎవరి మీద పడిందో చూడాలంటే ఊరి అంచున రైలీ అనే చోటికి వెళ్ళాలి. అక్కడ ఎలిజబెత్ హాన్‌కాక్ అనే తల్లి 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ పాతిపెట్టింది. సాయం రాగలవాళ్ళు లేరు. శవాల కాళ్ళకు గుడ్డ కట్టి తానే పొలంలోకి ఈడ్చుకుపోయిందంటారు. ఆ ఏడు సమాధుల చుట్టూ తరవాత కట్టిన రాతి గోడ ఇప్పటికీ ఉంది. ఆమె మాత్రం బతికింది. ఆ నెల ఒక్కదానిలోనే ఊళ్ళో 78 మంది పోయారు.

తిండి సంగతి తేలిగ్గానే తేలింది. చాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ప్రభువు సరుకులు పంపాడు. పొరుగూళ్ళవాళ్ళు పొలిమేర రాయి దగ్గర రొట్టె, మాంసం పెట్టి వెళ్ళేవారు. రాతిలో తొలిచిన గుంటల్లో వెనిగర్ పోసి ఈమ్ జనం అందులో నాణేలు వేసేవారు. సూక్ష్మజీవుల వల్ల జబ్బు వస్తుందని అప్పటికి రుజువు కాలేదు. అయినా డబ్బు కడిగి ఇవ్వాలని తోచింది.

ఇక పాస్టరుగారి ఇల్లు. ఊరిని కదలొద్దని చెప్పిన మాంపెసన్ తన ఇద్దరు పసిపిల్లలు జార్జ్, ఎలిజబెత్‌లను అంతకుముందే బంధువుల దగ్గరికి పంపేశాడు. పొగిడి రాసేవాళ్ళు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. దాటేయకూడదు. పిల్లలను పంపడానికి చోటు లేని ఇళ్ళు ఆ ఊళ్ళో ఎన్నో ఉండి ఉంటాయి. వాళ్ళు అతని ప్రసంగం వింటున్నప్పుడు మనసులో ఏమనుకున్నారో ఎక్కడా రాసి లేదు. తండ్రిగా అతను చేసింది ఏ తండ్రైనా చేసేదే. కాని తండ్రితనానికీ కాపరితనానికీ పొత్తు కుదరని చోటు ఒకటి ఉంటుంది. చిన్న ఊళ్ళో పాస్టరు కుటుంబం ఎప్పుడూ ఆ చోటే కాపురం ఉంటుంది. సంఘం కళ్ళు వాళ్ళ వంటింటి దాకా వస్తాయి.

భార్య కేథరిన్‌ను కూడా పిల్లలతో వెళ్ళమని బతిమాలాడు. ఆమె వెళ్ళలేదు. జబ్బుపడిన ఇళ్ళకు అతనితో పాటు తిరిగింది. 1666 ఆగస్టు 25న చనిపోయింది. ఆ తరవాత మాంపెసన్ పిల్లలకు రాసిన ఉత్తరం మిగిలింది. చివరి గంటల్లో మందు తాగలేక తల తిప్పేసుకున్న ఆమెను, పిల్లల కోసమైనా తాగమన్నాడట. వాళ్ళ పేర్లు వినగానే కష్టం మీద తల ఎత్తి తాగిందట. ఆ మందు పని చేస్తుందన్న ఆశ ఆమెకు ఉన్నట్టు లేదు. మీ మీద ప్రేమ చూపించే అవకాశం ఒంట్లో శక్తి ఉన్నంతవరకు వదులుకోలేదని తండ్రి పిల్లలకు వివరిస్తాడు. ఆమె సమాధి చర్చి ఆవరణలో ఉంది. ఊరందరికీ వద్దన్న చోటు తన భార్యకు దక్కింది. దీన్నీ దాచకుండా చెప్పుకోవాలి. ఊరివాళ్ళు మాత్రం ఆక్షేపించినట్టు లేదు.

నవంబరు 20న ఒక బంధువుకు రాసిన ఉత్తరం మాకు ఇంకా ఇష్టం. జబ్బు ఆగిపోయిన కొన్ని వారాలకు రాసింది. ఊరు కపాలాల స్థలమైందని, యేసును సిలువ వేసిన గొల్గొతా పేరు తలుచుకుంటాడు. అదే ఉత్తరంలో, ఇంట్లో పనిమనిషికి ఏమీ కాకపోవడం ఎంత పెద్ద దీవెనో చెబుతాడు. ఆమె కూడా పడకేసి ఉంటే బట్టలు ఉతుక్కోవడం, తిండి సంపాదించుకోవడం తనే చేసుకోవలసి వచ్చేదంటాడు. భార్య పోయి మూడు నెలలు కాలేదు. గొల్గొతా పక్కనే బట్టల ఉతుకు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఏడుపు మధ్యలో లేచి పాలు పొంగిపోతున్నాయేమో చూసి రమ్మనే అమ్మమ్మలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. ఆ ఉత్తరంలో మహాత్ముడు కనిపించడు. సంసారం సగం కూలిన మనిషి మిగిలిన సగాన్ని లెక్క చూసుకుంటూ కనిపిస్తాడు.

ఈమ్ త్యాగగాథ ఇంత నిగనిగలాడడం వెనక తరవాతి వందేళ్ళ, రెండొందల ఏళ్ళ రచయితల చెయ్యి ఉంది. ఆ ఊళ్ళోనే పుట్టిన కవయిత్రి అన్నా సీవార్డ్ 18వ శతాబ్దిలో దీని గురించి రాసింది. విలియం వుడ్ 1842లో ఊరి చరిత్ర రాశాడు. జనాన్ని ఒకచోట ఉంచడం వల్ల ఊళ్ళో చావులు పెరిగి ఉండవచ్చని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. వాదించనీ. వీరగాథ కాస్త వెలిసిపోయినా ఉత్తరాలు వెలిసిపోవు.

మాంపెసన్ ఈమ్‌లో ఎక్కువ కాలం ఉండలేదు. కొన్నేళ్ళకు నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఈక్రింగ్‌కు మార్చారు. అక్కడివాళ్ళు అతన్ని ఊళ్ళోకి రానివ్వలేదు. ప్లేగు ఊరి పాస్టరు కదా! కొంతకాలం రఫర్డ్ తోటలో ఒక గుడిసెలో ఉన్నాడని, చెట్టు కింద నిలబడి ప్రసంగం చేశాడని ఆ ప్రాంతంవాళ్ళు చెబుతారు. కరోనా రోజుల్లో డ్యూటీ నుంచి వచ్చిన నర్సులను అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న మనకు ఈక్రింగ్‌ను తిట్టే హక్కు లేదు. అతనూ తిట్టలేదు. భయం తగ్గేదాకా ఆగి, ఆ ఊరికే పాస్టరుగా ఉండిపోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. తనకు తలుపు తీయని ఆ ఇళ్ళవాళ్ళకే పెళ్ళిళ్ళు జరిపించాడు, పిల్లలకు బాప్తిస్మాలు ఇచ్చాడు, చనిపోయినవాళ్ళను ఈసారి చర్చి ఆవరణలోనే పాతిపెట్టించాడు. దాదాపు నలభై ఏళ్ళు అక్కడే పనిచేసి, 1709లో కన్నుమూశాడు.