గని నుంచి కడలి దాకా

గోదావరిఖని పక్క నుంచి పారే గోదావరి సముద్రంలో కలిసే చోట్లలో అంతర్వేది ఒకటి. ఈ ప్రయాణ సంచిక ఆ దారినే పట్టింది. గోదావరిఖనికి దగ్గరి రామగుండం స్టేషన్ కాజీపేట–బల్లార్షా మార్గంలో ఉంది. 1929లో ఆ మార్గం పూర్తయ్యాకే ఢిల్లీ, మద్రాసు ఇటు వైపు నుంచి నేరుగా కలిశాయి. కాజీపేట, వరంగల్ దాటాక వచ్చే డోర్నకల్‌ను మాత్రం నిద్రలో దాటేయకూడదు: సింగరేణి తొలి గనులు తవ్విన ఇల్లందు వైపు రైలు శాఖ చీలేది అక్కడే. విజయవాడ తర్వాత గుడివాడ, భీమవరం, వరిచేలు, చేపల చెరువులు. పట్టాలు నరసాపురంలో ఆగిపోతాయి. లేసు అల్లికకు పేరున్న ఊరది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తక కంపెనీ ఓడలు కట్టించుకున్న మాధవాయిపాలెం దాని పక్కనే ఉంది. ఆ రేవు నుంచే వశిష్ఠ గోదావరి మీదుగా సఖినేటిపల్లికి పంటు నడుస్తుంది. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు అన్నీ దానిమీదే. తొందర పడేవాళ్లకు పనికొచ్చే బండి కాదు. వరద పెరిగితే అదీ ఆగుతుంది. అవతలి ఒడ్డు నుంచి లక్ష్మీనరసింహస్వామి ఆలయమున్న అంతర్వేదికి రోడ్డు ఉంది. మాఘమాసంలో స్వామి కల్యాణం జరుగుతుంది. అప్పుడు రేవులో రద్దీ విపరీతం.