సమ్మెట పట్టిన దోన్ పేపే

ఎల్ సాల్వడార్ జైలు వీడియో ఈ వారం మళ్ళీ మన ఫోన్లలోకి వచ్చింది. గుండ్లు కొట్టించి, ఒంటి మీద చొక్కా లేకుండా, తలలు వంచించి, ఒకరి వీపుకి ఒకరిని ఆనించి వందల మంది ఖైదీలను నేల మీద కూర్చోబెట్టిన దృశ్యం. దాని కింద తెలుగులో వ్యాఖ్యలు. మనకూ ఇలాంటి మొనగాడే కావాలట. కోర్టులూ వాయిదాలూ దండగట. రాసినవాళ్ళు చదువుకున్న పిల్లలు. నాకు తెలిసిన ఇళ్ళ పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. చదివాక మనసు పాడైపోయింది.

ఆ మొనగాడి పేరు నయీబ్ బుకేలే. రాజధానికి మేయరుగా చేసి 2019లో అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలో హత్యలు బాగా తగ్గాయి, కాదనను. ముఠాలకు మామూళ్ళు కట్టుకుంటూ బతికిన జనం ఇవాళ పొద్దుపోయాక కూడా వీధిలోకి వస్తున్నారు. 2024లో ఆయనకు 80 శాతానికి మించి ఓట్లు వేశారు. అయితే మిగతాది కూడా చెప్పుకోవాలి కదా. 2020 ఫిబ్రవరిలో అప్పు బిల్లు కోసం తుపాకులు పట్టిన సైనికులను వెంటబెట్టుకుని శాసనసభలోకి నడిచాడు. మరుసటి ఏడు సభ చేతికి రాగానే రాజ్యాంగ న్యాయమూర్తులను రాత్రికి రాత్రి తీసేయించాడు. 2022 మార్చిలో ముప్పై రోజులకని పెట్టిన అత్యవసర పరిస్థితిని నెలనెలా పొడిగిస్తూ 80 వేల మందికి పైగా లోపల వేయించాడు. వేల మందిని తర్వాత వదిలిపెట్టక తప్పలేదు. 2025 జూలైలో ఆయన పార్టీ సభ్యులు రాజ్యాంగం మార్చేశారు. అధ్యక్షుడు ఇక ఎన్నిసార్లైనా పోటీ చేయొచ్చు, పదవీకాలం ఐదేళ్ళ నుంచి ఆరేళ్ళకు పెరిగింది.

మధ్య అమెరికా నుంచి మన పిల్లలకు తెలిసిన ఒకే ఒక్క అధ్యక్షుడు ఈయన కావడమే నా బాధ. అదే భూభాగంలో ఇంకాస్త దక్షిణాన కోస్టారికా ఉంది. ఆ దేశాన్ని మూడుసార్లు ఏలిన హోసే ఫిగేరెస్ పేరు మన డిగ్రీ పుస్తకాల్లో నాకెక్కడా కనిపించలేదు. వాళ్ళ జనం ఆయన్ని దోన్ పేపే అంటారు.

1906లో శాన్ రమోన్‌లో పుట్టాడు. స్పెయిన్‌లోని కటలోనియా నుంచి వలస వచ్చిన డాక్టరు కొడుకు. ఇంజనీరింగు చదవాలని 1924లో బోస్టన్ వెళ్ళి, డిగ్రీ లేకుండానే 1928లో తిరిగొచ్చాడు. ఆయనకు అసలు చదువు అబ్బింది అక్కడి పబ్లిక్ లైబ్రరీలో. వచ్చాక కొండల్లో భూమి కొని, కిత్తనార జాతి మొక్కలు వేసి, తాళ్ళు పేనించి, కాఫీ గింజలకు గోతాలు నేయించాడు. ఆ పొలానికి 'అంతులేని పోరాటం' అని పేరు పెట్టుకున్నాడు.

రాజకీయాల్లోకి ఆయన్ని లాగింది రేడియో. 1942 జూలైలో లిమోన్ రేవులో జర్మన్ జలాంతర్గామి ఒక ఓడను ముంచింది. రాజధానిలో గుంపులు జర్మన్ల, ఇటాలియన్ల కొట్లు లూటీ చేస్తుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది. ఫిగేరెస్ రేడియోలో ప్రభుత్వాన్ని నిలదీశాడు. ప్రసంగం సగంలో ఉండగా పోలీసులు స్టేషన్లోకి వచ్చి పట్టుకుపోయారు. రెండేళ్ళు మెక్సికోలో ప్రవాసం. 1948లో ఒతీలియో ఊలాతే ఎన్నికల్లో గెలిస్తే ఆ ఎన్నికను పార్లమెంటు రద్దు చేసింది. ఫిగేరెస్ తుపాకి పట్టాడు. 44 రోజుల అంతర్యుద్ధం, సుమారు రెండు వేల ప్రాణాలు. మే నెలలో అధికారం ఆయన చేతికొచ్చింది.

ఇక్కడి నుంచి కథ వేరే దారి పట్టాలి. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో గెలిచిన సేనాని గద్దె దిగడం ఎక్కడిది? పక్కనే నికరాగువాలో నియంత సొమోసా ఉన్నాడు. అయినా 1948 డిసెంబరు 1న, యూనివర్సిటీ పిల్లలూ విదేశీ రాయబారులూ చూస్తుండగా, ఫిగేరెస్ బెల్లావిస్తా సైనిక కోట గోడ దగ్గర నిలబడ్డాడు. పొట్టి మనిషి. చేతిలో సమ్మెట. గోడను దెబ్బ మీద దెబ్బ కొట్టాడు. సైన్యాన్ని రద్దు చేశాం, దేశానికి పోలీసులు చాలు, ఈ కోట మ్యూజియం అవుతుంది అని ప్రకటించాడు. అలాగే అయింది కూడా. ఇప్పటికీ అక్కడ వాళ్ళ జాతీయ మ్యూజియమే ఉంది.

రద్దయింది ఓడిపోయినవాళ్ళ సైన్యమే కదా, అందులో త్యాగమేముంది అంటారు కొందరు. ఆ నెలలోనే నికరాగువా వైపు నుంచి ఆయన శత్రువులు సాయుధంగా చొరబడ్డారు. సైన్యం మళ్ళీ పెట్టడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. ఆయన పెట్టలేదు. ఏడాది తిరక్కుండా శాశ్వత సైన్యం వద్దనే మాట కొత్త రాజ్యాంగంలో 12వ అధికరణం అయింది. తర్వాతి దశాబ్దాల్లో గ్వాటెమాలా యుద్ధంలో రెండు లక్షల మంది చనిపోయారు, మాయమయ్యారు. ఎల్ సాల్వడార్‌లో 75 వేల మంది పోయారు. కోస్టారికాలో అప్పటి నుంచి ఒక్క ప్రభుత్వం కూడా తుపాకితో కూలలేదు.

సమ్మెట కన్నా నాకు ఎక్కువ నచ్చింది మరొకటి ఉంది. ఆ డిసెంబరులోనే రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. దేశం మొత్తం ఆయన గుప్పిట్లో ఉంది. 45 స్థానాల్లో ఆయన మిత్రుల పార్టీకి వచ్చినవి నాలుగు. ఆయన వర్గం రాసిచ్చిన ముసాయిదాను ఆ సభ పక్కన పడేసింది. ఆయన నోరు మూసుకుని ఒప్పుకున్నాడు. 1949 నవంబరు 8న ఊలాతేకు అధికారం అప్పగించి పొలానికి పోయాడు. 1953లో, కోస్టారికా ఆడవాళ్ళు మొదటిసారి జాతీయ ఎన్నికల్లో ఓటు వేసిన ఏడు, గెలిచి వచ్చాడు. 1958లో తన పార్టీ ఓడిపోతే ప్రత్యర్థికి కుర్చీ ఇచ్చేసి మళ్ళీ వెళ్ళిపోయాడు.

ఆయన మచ్చలేని మనిషేం కాదు. కమ్యూనిస్టు పార్టీని నిషేధించాడు. ఆయన ఏలుబడిలోనే, 1948 డిసెంబరులో, లిమోన్ నుంచి రైల్లో తీసుకెళ్తున్న ఆరుగురు ఖైదీలను దారిలో కాల్చి చంపారు. మూడోసారి అధ్యక్షుడుగా ఉన్నప్పుడు అమెరికా నుంచి పారిపోయి వచ్చిన ఆర్థిక నేరగాడు రాబర్ట్ వెస్కోకు ఆశ్రయమిచ్చాడు. వెస్కో డబ్బు ఆయన సొంత కంపెనీలోకి కూడా వచ్చింది. ఆ ఆరుగురి చావు నాకు మింగుడు పడదు. మీకూ పడకూడదు. ఖైదీని చంపితే చప్పట్లు కొట్టే అలవాటు మనకూ ఉంది. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. పూలు చల్లినవాళ్ళు ఆ నివేదిక చదివారా?

ఎలా చదువుతారు, ఎక్కడ చదువుతారు? ఈ శీర్షికలో ఇదివరకు ఎన్నోసార్లు రాశాను, మళ్ళీ రాస్తాను. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఫిగేరెస్ పరాయి దేశంలో పుస్తకాలు చదివి మనిషయ్యాడు. మన ఊళ్ళలో అలాంటి కుర్రాడికి చోటుందా? మా ఊరి శాఖా గ్రంథాలయంలో కొత్త పుస్తకం వచ్చి ఏళ్ళయింది. పోటీ పరీక్షల పిల్లలు తమ పుస్తకాలు తామే మోసుకొచ్చి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఫ్యాను తిరిగే మూల కోసం పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. బీరువాలకు తాళాలు. తాళం చెవి ఉన్న ఉద్యోగి ఇంకో రెండు ఊళ్ళ లైబ్రరీలు కూడా చూసుకోవాలి, ఆయన్ని అని లాభం లేదు.

డబ్బు లేక కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేస్తాయి. జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సి వచ్చేసరికి చాలా చోట్ల ఆ డబ్బు జీతాలకూ కరెంటు బిల్లులకూ పోతుంది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించిన నేల ఇది. కాలువల్లో పడవల మీద పుస్తకాలు పంపిన నేల. లైబ్రరీ మూసేసి పిల్లాడి చేతిలో జైలు వీడియో పెట్టి, వాడు మొనగాణ్ణి కోరుకుంటున్నాడని వాపోతే ఎలా? ఈసారి పన్ను కట్టినప్పుడు రసీదులో సెస్సు ఎంతో చూడండి. పోయిన ఏడాది సొమ్ము గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన జమ చేశారో చెప్పమని కమిషనరుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నేను ఈ సోమవారం మా ఊళ్ళో పెడుతున్నాను.