నల్ల గరిటె కంటే ఆ పొగే డేంజర్.. పాత టీవీలో దాగిన కెమికల్స్‌తో ముప్పు ఎవరికి?

కరీంనగర్: వంటింట్లో నల్ల ప్లాస్టిక్ గరిటె ఉందా? వెంటనే పారేయండి.. ఇలాంటి వీడియో మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. ఇందులో నిజమెంత? మన ఊరికి దీంతో సంబంధమేంటి?

టీవీలు, కంప్యూటర్లు, వైర్లు త్వరగా అంటుకోకుండా ప్లాస్టిక్‌లో ఫ్లేమ్ రిటార్డెంట్లు అనే రసాయనాలు కలుపుతారు. సోఫా ఫోమ్‌లోనూ వాడారు. వీటిలో బ్రోమిన్ ఉండే పీబీడీఈలతోనే పెద్ద సమస్య. ఇవి ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకుని ఉండవు. ఏళ్లు గడిచేకొద్దీ బయటికొచ్చి ఇంటి దుమ్ములో చేరతాయి. నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లల ఒంట్లోకే ఎక్కువగా వెళ్తాయి. థైరాయిడ్ హార్మోన్లపై, పిల్లల మెదడు ఎదుగుదలపై వీటి ప్రభావం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి.

గరిటె లెక్క తప్పింది!

పాత టీవీల ప్లాస్టిక్‌ను కరిగించి చేసిన నల్ల వంట సామాన్లలో ఈ కెమికల్స్ ఉన్నాయని 2024లో అమెరికా పరిశోధకులు తేల్చారు. రోజుకు 34,700 నానోగ్రాములు ఒంట్లోకి వెళ్లొచ్చన్నారు. 60 కిలోల మనిషికి పరిమితి 4,20,000 కాగా, పొరపాటున 42,000 అని వేశారు. డిసెంబర్‌లో సరిదిద్దుకున్నారు. అంటే పరిమితిలో పదో వంతు కూడా లేదు. గరిటెలో కెమికల్ ఉండొచ్చన్నది నిజమే.. కానీ అంత భయం అక్కర్లేదు.

మరి అసలు ముప్పు ఎక్కడ?

పాడైన టీవీ, వైర్లు పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేస్తాం. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్లున్నారు. పనికిరాని ప్లాస్టిక్ చెత్తలో కలుస్తుంది. ఈ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు, ఫ్యూరాన్ల లాంటి విష పదార్థాలు పుడతాయి. కరీంనగర్‌లో మానేరు ఒడ్డున డంపింగ్ యార్డు పొగతో చుట్టుపక్కల జనం ఏళ్లుగా ఇబ్బంది పడుతున్న సంగతి తెలిసిందే. గరిటె వద్దనుకుంటే పారేయొచ్చు.. గాలిని ఎలా వద్దనుకుంటాం?

రూల్స్ ఉన్నా..

2018లోనే కేంద్రం కొన్ని రకాల పీబీడీఈలను నిషేధించింది. 2022 ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం కొత్త ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ఇవి 0.1 శాతం మించకూడదు. బహిరంగంగా చెత్త కాల్చితే రూ.5 వేలు, పెద్దఎత్తున అయితే రూ.25 వేలు జరిమానా అని 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. చిక్కల్లా ఒక్కటే.. నిషేధం కొత్త వస్తువులకు. తుక్కుగా మారుతున్నవి మాత్రం పాతవి. వాటిని చెత్తలో కలవకుండా వేరుగా సేకరించకపోతే కాగితం మీది రూల్ పొగను ఆపలేదు.

మీరేం చేయాలి?

* దుమ్మును చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి.
* తినే ముందు పిల్లల చేతులు కడిగించండి.
* చిరిగి ఫోమ్ బయటపడ్డ సోఫాను అలాగే వదలొద్దు.
* పాత టీవీలు, ఛార్జర్లు గుర్తింపు ఉన్న రీసైక్లర్లకే ఇవ్వండి. వైర్లు అస్సలు కాల్చొద్దు.