చీరల మీది చీటీలు



శ్రావణమాసము సమీపించుచున్నది. వరలక్ష్మీ వ్రతమునకు చీర కొనని యిల్లు మనలో అరుదు. కావున ఈ నెల అంగళ్లలో చీరలకు తగిలించు చీటీలను గూర్చి ముచ్చటింప నెంచితిని.

పెద్ద దుకాణములు తమ పేరిటనే చీటీలు అచ్చొత్తించుకొనుచున్నవి. వానిపై మగ్గము బొమ్మయు, "చేనేత సొగసు", "పోచంపల్లి డిజైను" వంటి మాటలును ఉండును. ఆ మాటల నేర్పు గమనింపుడు. "చేనేత చీర" యన్నచో నేతను గూర్చి చెప్పినట్లు. "చేనేత సొగసు" అన్నచో విశేష్యము సొగసే గదా! సొగసు మరమగ్గమునను పుట్టవచ్చును, అచ్చుయంత్రమునను పుట్టవచ్చును.

నిజమైన పోచంపల్లి పనియందు నేయుటకు ముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుదురు. కట్టిన చోట రంగు అంటదు. అందుచే చీరకు ఇరుప్రక్కల రంగు ఒక్క తీరున నుండును. పువ్వుల యంచులు కొంచెము చెదరినట్లుండును. అచ్చువేసిన చీరను తిరుగవేసినచో వెనుక వెలవెలబోవును.

ఆ కట్టుటకును ముందు ఆసు పోయుట యను పని కలదు. పోగును మేకుల చుట్టు త్రిప్పుచు చేతిని వేల పర్యాయములు ఆడింపవలెను. ఇది యింటి ఆడువారి పని. చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజముల నొప్పి చూడలేక 1999లో ఆసుయంత్రము నిర్మించి దానికామె పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ నందెను. ఆ యంత్రము వాడినంత మాత్రమున చీర చేనేత కాకపోదు. నేత చేతిమగ్గముపైనే జరుగును. యంత్రమన్న నాకు వైరము లేదు. యంత్రము నేసినదానిని చేయి నేసినదని అమ్ముటయే నా ఆక్షేపణ. రెండింటికి ఒకే పేరు పెట్టినచో దినములకొలది మగ్గము గుంటలో కూర్చున్నవాడే వెల తగ్గించుకొనవలసి వచ్చును. 1985 నాటి చట్టము 22 రకముల వస్త్రములను చేతిమగ్గములకే ప్రత్యేకించెను. నేడు మిగిలినవి 11. చీర వానిలో నున్నది.

గుర్తుల మాట. 2004 నుండి యున్న సిల్క్ మార్కు పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెప్పును. ఎవరు నేసిరో చెప్పదు. చదువుకొన్న యిల్లాండ్రే దీనిని చేనేత ముద్రగా భావించుట చూచితిని. నేతకు గుర్తు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు.

తిరుగవేసి చూచుట అచ్చును పట్టియిచ్చును గాని మరమగ్గమును పట్టియీయదు. అందుకు రశీదే దిక్కు. "చేతిమగ్గము నేత" అని దానిపై వ్రాసి యిమ్మని యడుగుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అబద్ధపు వర్ణనతో అమ్ముటను అనుచిత వ్యాపారముగా నెంచును. ఆ వ్రాత రేపు సాక్ష్యమగును. వర్తకుడు కలము తీయుటకు సందేహించినచో మీకు జవాబు దొరికినట్లే.

అచ్చుచీరను అచ్చుచీర వెలకు కొనుటలో దోషమేమియు లేదు. నాకును రెండు గలవు. వంటయింటి పనికి అవియే యనువు.