వేడిరాళ్ళ మర్దనం: ఓర్పు కూడని చోటు

వేడిచేసిన నల్లరాళ్ళను వీపుమీద, అరచేతులలో, కాలివేళ్ళ సందులలో ఉంచి, వాటితోనే ఒళ్ళు పట్టే ఉపచారం ఒకటి ఇటీవలి సంవత్సరాలలో హైదరాబాదు, విశాఖపట్టణం, విజయవాడ వంటి నగరాలలో బాగా వాడుకలోకి వచ్చినది. పుట్టినరోజుకో, షష్టిపూర్తికో తల్లిదండ్రులకు పిల్లలు దీనిని బహుమానంగా ఏర్పాటు చేస్తున్నారు. అమెరికాలో ఉన్న కొడుకువద్ద ఆరునెలలు ఉండివద్దామని వెళ్ళిన తల్లికి కోడలు ఒక మధ్యాహ్నం ఈ ముచ్చట కూడా తీరుస్తున్నది. మొదటిసారి వెళ్ళేవారు ముందుగా అడిగేది ఏ బట్టలు కట్టుకుని వెళ్ళవలె, ఎంత సొమ్ము అవుతుంది అని. ఈ రెండింటికీ సమాధానం ఆ గుమ్మంలోనే దొరుకుతుంది. ఇంటివద్దనే చేసుకొనిపోవలసిన సన్నాహం వేరే ఉన్నది. దానిని గురించి అడిగేవారు తక్కువ, చెప్పేవారు మరీ తక్కువ.

ఈ ఉపచారానికి నేటి రూపమిచ్చినది మేరీ నెల్సన్ అనే అమెరికన్ మహిళ. అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో 1993లో ఆమె దీనిని ఒక పద్ధతిగా కూర్చి, 'లాస్టోన్' అని పేరు పెట్టినది. అంతమాత్రాన రాతిని కాచి ఒంటికి తాకించడం 1993లోనే పుట్టినదనుకోరాదు. చరకసంహిత సూత్రస్థానంలో 14వ అధ్యాయం యావత్తూ స్వేదాన్ని గురించినదే. అందులో పేర్కొన్న 13 విధాల అగ్నిస్వేదాలలో అశ్మఘనస్వేదం ఒకటి. మనిషి పొడవున్న రాతిపలకపై కట్టెలు కాల్చి, నిప్పులు తీసివేసి, వేడినీటితో తడిపి, పైన పట్టువస్త్రమో కంబళమో పరచి, ఒళ్ళంతా నూనె పట్టించుకున్న రోగిని దానిపై పడుకోబెట్టడం ఆ పద్ధతి. జపానులో కాచిన రాతిని గుడ్డలో చుట్టి రొమ్మున పెట్టుకునే అలవాటుండేది. అక్కడి 'కైసెకి' అనే భోజనం పేరుకు రొమ్మునదాచిన రాయి అనే అర్థం చెబుతారు.

తెలుగు ఇళ్ళలో రాతికి బదులు ఇటుక ఉండేది. పొయ్యిలో కాలిన ఇటుకకు గుడ్డ చుట్టి నడుముకు పెట్టేవారు. ఉప్పు మూట, ఇసుక మూట, తవుడు మూట, వావిలాకు మూట – ఏ నొప్పికి ఏ మూటో ఆ ఇంటి ముసలమ్మకు తెలిసివుండేది. దీనికంతకూ 'కాపడం' అని చక్కని పేరు కూడా ఉన్నది. నగరంలో నిలువుటద్దాలు, పరిమళపు దీపాలు అమర్చిన గదిలో జరిగేది కూడా కాపడమే. కాని ముసలమ్మ చేసే పని ఒకటి ఆ గదిలోనికి రావడం మరచిపోయినది. ఆమె మూటను పొయ్యిమీదినుంచి తీసి ముందు తన ముంజేతికి ఆనించుకునేది. తన ఒళ్ళు ఓర్వగలదని తేలిన తరువాతనే బాలింత నడుముకు ఆనించేది. ఆనించి ఊరుకునేది కాదు, ఆ పిల్ల ముఖంలోకి చూసేది.

ఇక ఆ రాయి సంగతి. ఈ మర్దనంలో వాడేది బసాల్ట్ అనే నల్లరాయి, చల్లారి గట్టిపడిన లావా. తెలుగువారికి ఇది అపరిచితమేమీ కాదు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రితం పొంగి ప్రవహించిన లావా దక్కనులో పొరలు పొరలుగా గడ్డకట్టినది. తెలంగాణ వాయవ్య భాగంలోనూ, గోదావరి ప్రాంతాన పంగిడి, కాటేరు పరిసరాలలోనూ ఆ జాతి రాయే కనబడుతుంది. రోడ్డు మీద పరచే కంకరకూ, పళ్ళెంలో నూనె పూసుకుని నిగనిగలాడే ఈ రాయికీ వంశమొకటే. ఏ నీరో దొర్లించి నునుపుచేసినందుకు దీనికి అంత మర్యాద! ఇది దట్టమైన రాయి కనుక పట్టిన వేడిని ఒక్కసారిగా వదలదు. దీనికి మంచిపేరు తెచ్చినది ఆ గుణమే, భయపడవలసినదీ దానికే.

వేడి చర్మాన్ని ఎంతసేపటిలో చెరుస్తుందో 1947లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూపినారు. 44 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి ఇంచుమించు 6 గంటలు పట్టినది. అక్కడినుంచి 51 వరకు ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొద్దీ ఆ వ్యవధి దాదాపు సగమవుతూ వచ్చినది. 60 డిగ్రీల వద్ద 5 సెకండ్లు చాలినది. మర్దనపు రాళ్ళను కాచే నీరు సాధారణంగా 50 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. అంత వేడి రాయి నూనె పట్టిన వీపుమీద జారుతూ పోతున్నంతసేపు ఎంతో హాయి. అదే రాయి ఒకచోట కదలక నిలిచినదా, పైన పడుకున్న మనిషి బరువో, కప్పిన తువ్వాలో దానికి తోడైనదా, కథ వేరు. నిలిపి ఉంచే రాతికి, చర్మానికి నడుమ తప్పనిసరిగా గుడ్డ మడత ఉండవలె. కాచే పాత్రలో ఉష్ణమాపకం ఉండవలె. దానిని చూపుమని అడగడానికి మొదటిసారి వెళ్ళినవారు కూడా మొగమాటపడనక్కరలేదు. తన చేతిలో నిలుపుకోలేని రాతిని ఎదుటివారి ఒంటిమీద పెట్టే హక్కు ఏ మర్దనకర్తకూ లేదు.

రాయి మరీ వేడెక్కినదని తెలిపేది నొప్పి. ఆ నొప్పి తెలియని ఒళ్ళు కూడా ఉంటాయి. మధుమేహం ముదిరినవారిలో చాలామందికి నరాలు దెబ్బతిని, పాదాలకు ముల్లు గుచ్చుకున్నా తెలియని మొద్దుబారినతనం వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి జరిపిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం (ఫలితాలు 2023లో వెలువడినవి) ఈ దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. షష్టిపూర్తి బహుమానంగా వేడిరాళ్ళ గదికి వెళ్ళే తల్లులలో, తండ్రులలో ఈ జబ్బు లేనివారిని వెదకడమే కష్టం కాబోలు. వారి కాలివేళ్ళ నడుమ పెట్టిన రాయి కాలుస్తున్నా వారు హాయిగా నిద్రపోతూ ఉండవచ్చు. బొబ్బ మరునాడు కనబడుతుంది. ఆ పాదంలో పుండు మానడం ఎంత కష్టమో ఆ ఇళ్ళవారికి వేరే చెప్పనక్కరలేదు. స్వేదం చేయరానివారిని చెప్పే సందర్భంలో చరకసంహిత గర్భిణిని, రక్తపిత్తం ఉన్నవారిని, మధుమేహిని స్పష్టంగా పేర్కొన్నది. ఆనాటి మధుమేహం, నేటి వైద్యులు చెప్పే వ్యాధి అచ్చంగా ఒకటేనా అన్నది పండితులు తేల్చుకోవలసిన మాట. కారణం ఏదైనా, ఆ హెచ్చరిక నేటికీ పనికివచ్చేదే. దానికి ఈ కాలంవారు మరికొందరిని చేర్చవలె: రక్తం పలచబడే మందులు వాడేవారు, పిక్కలో రక్తం గడ్డకట్టినవారు, కాళ్ళలో సిరలు ఉబ్బినవారు, కొత్తగా శస్త్రచికిత్స జరిగినవారు, గుండెజబ్బు ఉన్నవారు. వీరు వైద్యుణ్ణి అడగకుండా ఆ బల్ల ఎక్కరాదు.

ఇవన్నీ తెలిసిన సంగతులే కదా, అక్కడ ముందే కాగితం నింపించుకుంటారు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, నింపించుకుంటారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. నింపేది కోడలో, కూతురో. చక్కెరజబ్బు సంగతి రాస్తే 'మీకు చేయము' అంటారేమో, ఇంతదూరం వచ్చి తిరిగిపోవడమెందుకని ఆ గడిని ఖాళీగా వదిలివేసే ఇళ్ళు లేకపోలేదు. పెద్దావిడ చూపినచోట సంతకం చేస్తుంది. తెలుగు నేల మీద, తెలుగువారి ఒంటిమీద పనిచేసే సంస్థలు ఆ ప్రశ్నలను తెలుగులో అచ్చువేయించకపోవడానికి చెప్పదగిన కారణమేదీ లేదు. ఖర్చు ఒక రాతిపళ్ళెం వెలలో వందో వంతు కూడా కాదు. అచ్చువేయించడంతో ఆగక ఎవరైనా కూర్చుని చదివి వినిపించవలె. సమాధానం ఎవరి ఒళ్ళో వారి నోటినుంచే రావలె.

అసలు చిక్కు కాగితంలో కూడా లేదు, పెంపకంలో ఉన్నది. కుంకుడుపులుసు కళ్ళలో పడి ఏడ్చే పిల్లకు, కాగుతున్న నీరు వీపున పోసినప్పుడు ఉలిక్కిపడే పిల్లకు వినబడే మాట ఒకటే – 'కాస్త ఓర్చుకో తల్లీ'. అత్తవారింట అదే మాట, పురిటిమంచం మీద అదే మాట. అరవై ఏండ్లు ఆ విద్యలో ఆరితేరిన మనిషి, ముఖం కిందికిపెట్టి, చీకటిగదిలో, భాష తెలియని పరాయిపిల్ల చేతికింద పడుకుని ఉన్నది. వీపున రాయి చురుక్కుమన్నది. 'ఇదే పద్ధతి కాబోలు' అనుకుంటుంది. 'పిల్లలు ఇంత డబ్బు పోసినారే' అనుకుంటుంది. ఆ పిల్ల నొచ్చుకుంటుందేమో అని కూడా అనుకుంటుంది! నోరు మాత్రం విప్పదు. మగవారి సంగతి దీనికి పూర్తిగా భిన్నమేమీ కాదు. వారు ఓర్చుకునేది సిగ్గుచేత కాక ప్రతిష్ఠచేత. ఉద్యోగం చేసిన రోజులలో ఊరంతటినీ గడగడలాడించిన పెద్దమనిషి, 'వేడి సరిపోయిందా' అని అడిగితే 'ఇంకా ఉన్నా ఫరవాలేదు' అంటాడు.

మందు చేదుగా ఉంటేనే గుణమిస్తుందని నమ్మే కాలంనుంచి వచ్చిన అభిప్రాయమిది. వేడిరాయి విషయంలో దానికి ఆధారం లేదు. ఈ మర్దనం ఇవ్వగలిగినది కండరాల బిగువు సడలడం, మనసుకు కొంత విశ్రాంతి. అంతకుమించి 'ఒంటిలోని విషాలన్నీ బయటికి లాగివేస్తుంద'ని గోడలమీద రాసినది వ్యాపారపు మాట. ఆ పని చేయడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నవి. సుఖంకోసం వచ్చిన చోట బాధ కలిగినదంటే ఆ ఉపచారం తన పని తాను చెడగొట్టుకున్నదనే అర్థం. కనుక మొదటిసారి వెళ్ళేవారికి ఇంటివద్ద నేర్పవలసిన పాఠం ఒకటే: చురుక్కుమన్న క్షణానే చెప్పడం. భాష రాని చోటికి వెళుతున్నట్లయితే చేయి పైకెత్తడమే గుర్తు అని పడుకోకముందే ఉభయులూ అనుకోవలె. అమెరికాలో తల్లిని పంపే కోడలు బయటి సోఫాలో కూర్చోక, ఆ నాలుగు నిమిషాలు లోపలికి వెళ్ళి ఈ మాట కుదిర్చి రావచ్చు.

మిగిలిన సన్నాహం చిన్నది. భోజనం చేసి రెండుగంటలైనా గడచివుంటే మంచిది, కటిక ఆకలితో మాత్రం పోరాదు. నీరు తాగవలె. ఎండకు కమిలిన ఒంటిమీద, అదేరోజు కత్తిపెట్టిన చర్మం మీద వేడిరాయి పనికిరాదు. ఏ బట్ట విప్పవలె, ఏది ఉంచుకోవలె అన్నది వెళ్ళినవారి ఇష్టం. ఆడవారు ఆడమనిషినే కోరవచ్చు. లోహం వేడిని త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి నగలు తీసివేయవలె. గాజులు, గొలుసులు సరే, మంగళసూత్రం తీయమంటే ఎందరో ఒప్పుకోరు. వారితో వాదించి ప్రయోజనం లేదు. మెడ దగ్గరికి రాయి తేవద్దని చెప్పితే సరిపోతుంది. మెట్టెలు ఉంచుకుంటామనేవారు కాలివేళ్ళకు రాళ్ళు వద్దనవచ్చు. పూర్తి అయిన తరువాత చివుక్కున లేవరాదు. వేడికి రక్తనాళాలు విప్పారి ఉంటాయి కనుక కళ్ళు తిరిగి పడే ప్రమాదమున్నది; కొంతసేపు కూర్చుని, తరువాత నిలబడవలె.

బహుమానం ఇవ్వదలచిన పిల్లలు మాత్రం అంతకుముందే చేయవలసిన పని ఒకటి ఉన్నది. చక్కెరజబ్బు ఉన్న తల్లినో తండ్రినో ముందుగా వైద్యునివద్దకు తీసుకుపోయి పాదాలు చూపించవలె. సన్నని నైలాను పోచను పాదం అడుగున అక్కడక్కడ ఆనించి, తెలుస్తున్నదా అని అడిగే పరీక్ష ఉన్నది. నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. కళ్ళు మూసుకున్న తల్లి, పోచ తగిలిన ప్రతిసారీ 'ఆ' అంటే మంచిదే. మిగిలిన జబ్బుల సంగతి కూడా అక్కడే అడిగి తెలుసుకోవచ్చు. అనకుండా ఊరుకున్నచోట్లు ఉంటే, వేడిరాళ్ళకు దాచిన సొమ్ముతో ఆమెకు మెత్తని అట్టతో, పాదానికి సరిగా అమరే చెప్పులు కుట్టించి ఇవ్వవచ్చు.